అక్క ఊరికి పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు

ఆమె కూర్చునే కుర్చీకి ఎదురుగా ఒక కిటికీ ఉండేది. అందులోంచి చూస్తే కింద చెప్పుల దుకాణం బోర్డు వెనకభాగం, దాని మీద పావురాల రెట్టలు, ఆ పైన రెండు కరెంటు తీగలు కనిపించేవి. ఆ కుర్చీలో కూర్చునే ఆమె ఇరవై ఏళ్ళపాటు ఏ నగరం నుంచి ఏ నగరానికి ఎంత దూరమో, విమానంలో ఎన్ని గంటలు పడుతుందో లోకానికి చెబుతూ వచ్చింది. తను మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరం ఏముంది? జాతకాలు చెప్పేవాళ్ళు గ్రహాల మీదికి వెళ్ళొచ్చి చెబుతున్నారా?

ఆ ఆఫీసు పేరు ప్రయాణ సమాచార కేంద్రం. రెండో అంతస్తులో మూడు గదులు. ఒక ఫోను, ఒక కౌంటరు, ఒక గ్లోబు, ఒక రిజిస్టరు, ఒక మేనేజరు. వీటిలో పనిచేయనిది చివరిదొక్కటే. ఎవరైనా ఫోను చేసి గానీ, మెట్లెక్కి వచ్చి గానీ రెండు ఊళ్ళ పేర్లు చెబితే, ఆమె రిజిస్టరు తిప్పి దూరం, గంటలు, నిమిషాలు చదివేది. వచ్చేవాళ్ళలో నిజంగా ప్రయాణం చేసేవాళ్ళు నూటికి పదిమంది ఉంటే గొప్ప. మిగతావాళ్ళు ఊరికే తెలుసుకుందామని వచ్చేవాళ్ళు. ఒక పెద్దమనిషి ప్రతి మంగళవారం వచ్చి, తను ఎన్నడూ వెళ్ళని ఊరి నుంచి తను ఎన్నటికీ వెళ్ళని ఊరికి దూరం అడిగి, విని, "అబ్బో!" అని తల పంకించి, అప్పుడే విమానం దిగినవాడిలా అలసిపోయి మెట్లు దిగేవాడు.

ఆఫీసులో ఆమెను వెనకాల కిలోమీటరమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "సెంటీమీటరమ్మ అనలేదు, అదే పదివేలు," అనుకునేది.

రిజిస్టరులోని అంకెలు ఎక్కడి నుంచి వచ్చేవని ఎవరూ అడగలేదు. పుస్తకంలో ఉన్నదాన్ని పుస్తకంలోకి ఎవరు పెట్టారని అడిగే అలవాటు మనుషులకు లేదు. విమాన సంస్థలకు ఉత్తరం రాస్తే జవాబు ఆరు నెలలకు వచ్చేది, అదీ వేరే ఊరి గురించి. అందుకని ఆమే కొలిచేది. ఆమె భర్త దర్జీ. ఆయన దుకాణం నుంచి మైనం పట్టించిన దారం తెచ్చుకుంది. ఆఫీసు గ్లోబు నడుముచుట్టు కొలత సరిగ్గా ఒక మీటరు. అంటే భూమి నలభై వేల కిలోమీటర్లు ఒక మీటరులో ఇమిడిపోయింది. దారానికి రెండున్నర సెంటీమీటర్లకొక ముడి, ముడికి వెయ్యి కిలోమీటర్లు. ఈ ఊరి మీద గుండుసూది ఆనించి, ఆ ఊరి దాకా దారం లాగి, ముడులు లెక్కపెట్టి, మిగిలింది భర్త టేపుతో కొలిచేది. వచ్చిన కిలోమీటర్లను ఎనిమిది వందలతో భాగించి, ఎగరడానికీ దిగడానికీ అరగంట కలిపేది. అంతే. ఇంతమాత్రానికి ఇంజనీర్లు ఎందుకో ఆమెకు అర్థమయ్యేది కాదు.

"నాకు కొలత తప్పితే గుడ్డ పాడవుతుంది, గిరాకీ పోతుంది," అనేవాడు భర్త. "నీకు తప్పితే ఏం పోతుంది? ఊళ్ళేమైనా వచ్చి పోట్లాడతాయా?"

"నా కొలత తప్పదు."

"తప్పదులే. పట్టిన కుందేలుకి ఎన్ని కాళ్ళో నాకు తెలుసుగా."

ఏటా కొత్త సంవత్సరానికి ముందు పాత రిజిస్టరును కొత్త పుస్తకంలోకి మొదటి నుంచి చివరి దాకా తిరగరాయడం ఆ ఆఫీసు పద్ధతి. ఎందుకంటే ఆరంభంలో ఎవరో అలా చేశారు. ఆమె నాలుగు వందల పన్నెండు ఊళ్ళ జంటలను, ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది. మేనేజరు చివరి పేజీలో సంతకం పెట్టేవాడు. మొదటి పేజీ తెరిచిన పాపాన పోలేదు.

ఇంత జాగ్రత్త ఆమెకు పుట్టుకతో రాలేదు. అక్క పెట్టిన భిక్ష అది.

పంతొమ్మిదేళ్ళ కిందట, ఆమె ఆ కుర్చీలో కొత్తగా కూర్చున్న రోజుల్లో, దూరదేశంలో స్థిరపడిన అక్క రెండు వారాలు ఉండిపోదామని వచ్చింది. తిరుగు ప్రయాణానికి ముందురోజు, "విమానం ఎన్నింటికే?" అని అడిగింది. "సాయంత్రం ఏడింటికి," అంది చెల్లెలు, టికెట్టు చూడకుండా, ఆఫీసులో ఉండే విమాన సమయాల పుస్తకం చూసి. ఆమె చూసింది పాత సంవత్సరం పుస్తకం. కొత్త సంవత్సరం నుంచి ఆ విమానం పొద్దున పదింటికి. అక్కాచెల్లెళ్ళు పెట్టెలతో, పొట్లాలతో సాయంత్రం ఐదింటికి విమానాశ్రయం చేరేసరికి విమానం సముద్రం మీద ఉంది. తర్వాతది మర్నాడు.

ఇంటికి వెళ్దాం రమ్మంటే అక్క రాలేదు. "నిన్ను నమ్మి ఇల్లు కదిలితే ఇంతదాకా వచ్చింది. ఇంకోసారి కదలను," అని అక్కడే బెంచీ మీద కూర్చుంది. మర్నాటి దాకా కూర్చుంది. అక్క కూడా కుందేలు పట్టే వంశమే మరి. పొద్దున పోతూ పోతూ, వరసలో నిలుచున్న నలభైమంది వినేలా అంది:

"ముక్కుకీ మూతికీ మధ్య ఎంత దూరమో తెలియనిదాన్ని తీసుకొచ్చి, దేశాలకి దూరాలు చెప్పే కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఆఫీసుకో దండం!"

వరసంతా నవ్వింది. చెల్లెలు ఇంటికొచ్చి మైనం దారం అడిగింది.

మొట్టమొదట కొలిచింది అక్క ఊరే. ఆరు ముడులు దాటి ఇంకాస్త. పదహారున్నర సెంటీమీటర్ల పైన ఒక వెంట్రుక. ఆరువేల ఆరువందల అరవై కిలోమీటర్లు. ఎనిమిది గంటల యాభై నిమిషాలు. గ్లోబు మీద బొటనవేలు ఈ ఊరిలో పెట్టి చెయ్యి చాపితే చిటికెనవేలు అక్క ఊరు దాటిపోతుంది. అంటే జానెడు కూడా లేదు. ఆ సంగతి ఆమెకు ఏమంత నచ్చలేదు. అంత మాటన్న మనిషి జానెడు దూరంలో ఉండటమేమిటి?

మరుసటి ఏడు పుస్తకం తిరగరాస్తుండగా అక్క ఊరి వరస వచ్చింది. ఏడాదిలో అక్క దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. కలం ఒక్క క్షణం ఆగింది. ఎనిమిది గంటల యాభై బదులు తొమ్మిది గంటలని పడింది. 'ఎదురుగాలి ఉంటుంది కదా,' అనుకుంది ఆమె. పది నిమిషాల గాలి ఎవరికి బరువు?

ఆ తర్వాత గాలి ఏటేటా పెరిగింది. అక్క కూతురి పెళ్ళికి అచ్చు కార్డు వచ్చింది. దాని మీద చేత్తో రాసిన ఒక్క అక్షరం కూడా లేదు. నలభై ఐదు నిమిషాలు. ఇంకో ఏడు పార్సిల్లో ఒక ఉన్ని చొక్కా వచ్చింది. అందులో కిలోమీటరమ్మతో పాటు ఇంకొకరు కూడా పట్టేంత వదులు. "నేనింత ఉంటానా?" అని భర్తను అడిగితే, ఆయన దర్జీ బుద్ధితో టేపు తీశాడు. అరగంట. ఒక సంవత్సరం మాత్రం వచ్చిన గ్రీటింగు కార్డు చివర 'ఎలా ఉన్నావు' అని వంకర అక్షరాలు ఉన్నాయి. ఆ ఏడాది ఆ ఊరికి గాలి వీయలేదు. మరుసటి ఏడు కార్డే లేదు. రెండేళ్ళది ఒకేసారి వీచింది.

గంటలు పెరిగితే కిలోమీటర్లూ పెరగాలి కదా, లేకపోతే లెక్క తప్పు పడుతుంది. ఆమె లెక్క తప్పేరకం కాదు. కాబట్టి అక్క ఊరు ఏటా కొంచెం కొంచెం జరుగుతూ, రేవు దాటి, సముద్రంలో దిగి, పంతొమ్మిదో ఏటికి పదకొండువేల అరవై కిలోమీటర్ల దూరానికి, తిమింగలాలు తప్ప ఎవరూ లేని చోటికి చేరింది. పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు. 'అంత దూరం ఎవరు వెళ్తారు? వెళ్ళాలని లేకనా?' అని ఆమె రిజిస్టరు మూసేది. తను రాసిన అంకెను తనే చదివి నిట్టూర్చే భాగ్యం అందరికీ దక్కదు.

ఎవరికీ అనుమానం రాలేదా? ఆ ఊరికి వెళ్ళేవాళ్ళే తక్కువ. టికెట్టు మీది వేళలు ఈ ఊరి గడియారానివో ఆ ఊరి గడియారానివో తెలుసుకునేవాళ్ళు ఇంకా తక్కువ. వెళ్ళినవాళ్ళు తొమ్మిది గంటల్లో దిగి ఆశ్చర్యపోయి ఆఫీసుకు ఉత్తరాలు రాసేవాళ్ళు: 'మీరు పద్నాలుగు గంటలన్నారు. ఐదు గంటలు ముందే దించాడు. ఆ పైలట్ చల్లగా ఉండాలి.' మేనేజరు వాటిని చట్రాలు కట్టించి గోడకు తగిలించాడు. పైనుంచి ఎవరు తనిఖీకి వచ్చినా కుర్చీ ఆ గోడకు ఎదురుగా వేయించేవాడు.

అలా హాయిగా జరిగిపోతుండగా ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. అది వస్తోందని ఆ ఏడు పుస్తకం తిరగరాయించలేదు.

దాంతోపాటు ఒక మనిషి వచ్చాడు. నలభై దాటినవాడు, మెత్తటి గొంతు, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. వాటిలో ఒక్కటీ వాడడు. రిజిస్టరంతా యంత్రంలోకి ఎక్కించడం ఆయన పని. ఆమె చదువుతుంటే ఆయన కొట్టేవాడు. రెండు ఊళ్ళూ భూమి మీద ఎక్కడున్నాయో యంత్రానికి ముందే తెలుసట. మనం చెప్పే దూరాన్ని అది సరిచూసుకుంటుందట.

"ఎవరినీ నమ్మదన్నమాట," అంది ఆమె.

"ఎవర్నీ నమ్మదండీ. నన్ను కూడా."

మొదటిరోజు నూట యాభై జంటలు ఎక్కించారు. యంత్రం ఒక్కసారీ కిక్కురుమనలేదు. ఆయన వేళ్ళు ఆపి ఆమె వైపు తిరిగాడు.

"ఇవన్నీ దేంతో కొలిచారన్నారు?"

"దారంతో."

"దారంతో!" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పది, పదిహేను నిమిషాల తేడా కూడా రావట్లేదు మేడం. ఈ యంత్రాన్ని తయారుచేసినవాళ్ళకి మీ దారం గురించి చెబితే ఏడుస్తారు."

ఆ మాటకు ఆమె ఆ రోజు ఇంటికి బస్సులో కాకుండా నడుచుకుంటూ వెళ్ళింది. నేల మీద నడుస్తున్నట్టే లేదు. రిజిస్టరులో చివరి పేజీల్లో ఏముందో ఆ ఆనందంలో మరిచిపోయింది.

మూడోరోజు మధ్యాహ్నం అక్క ఊరి వరస వచ్చింది. ఆమె గొంతు సవరించుకుని, "పదకొండువేల అరవై. పద్నాలుగు గంటల ఇరవై," అని గబగబా చదివి తర్వాతి ఊరికి దూకింది. యంత్రం టింగుమంది. వరస ఎర్రగా మారింది.

"ఆగండాగండి," అన్నాడాయన. "మళ్ళీ చదవండి."

చదివింది. మళ్ళీ టింగుమంది.

"ఆరువేల ఆరువందల చిల్లర అంటోంది ఇది. మీరు చెప్పినంత దూరం వెళ్తే నడిసముద్రం మేడం."

"ఆ దారిలో ఎదురుగాలి," అందామె.

"ఐదున్నర గంటల గాలా? అంత గాలొస్తే విమానం ముందుకి కాదు, వెనక్కి పోతుంది." ఆయన పుస్తకం తన వైపు లాక్కుని చూశాడు. "ఇంతవరకూ ఎక్కించినవాటిలో ఇదొక్కటే. మీ చెయ్యి తప్పింది కాదిది, కావాలని..." అని ఆమె మొహం చూసి, మిగతా సగం మింగేశాడు. మెత్తటి మనిషి. కానీ యంత్రం మెత్తటిది కాదు. ఎర్ర వరస అచ్చై మేనేజరు బల్ల మీదికి వెళ్ళింది.

మేనేజరు ఆమెను పిలిపించాడు. కాగితం వైపు, గోడ మీది చట్రాల వైపు, మళ్ళీ కాగితం వైపు చూశాడు. పైలట్ మీద గౌరవం పోతున్నందుకు ఆయనకు బాధగా ఉంది.

"ఇన్నాళ్ళూ సంతకం ఎవరిది?" అన్నాడు.

"మీదే సార్."

"అదే చెప్తున్నా. నా సంతకం కింద ఇది ఎలా వచ్చింది? శనివారానికల్లా సంజాయిషీ రాసివ్వండి. సోమవారం నుంచి అందరికీ యంత్రం అంకే చెబుతాం." ఆమె తలుపు దాకా వెళ్ళాక పిలిచి, "చిన్నగా రాయండి. పెద్దగా రాస్తే పైవాళ్ళు చదువుతారు," అన్నాడు.

కౌంటరు దగ్గరికి వచ్చేసరికి రెండో పూట గుమాస్తా టిఫిన్ డబ్బా సర్దుకుని తన కుర్చీలో కూర్చుంటున్నాడు. పొద్దుటిపూట ఫోను ఆమెది, మధ్యాహ్నం నుంచి అతనిది. ఆరేళ్ళుగా అంతే. ఆఫీసులో మాట అప్పటికే పాకింది.

"ఏంటి మేడం, ఆ ఊరు తొమ్మిది గంటలేనట! అన్యాయం. నేను ఆ కాళ్ళావిడకి ఏటా ఎంత చెప్పి చచ్చానో!"

"కాళ్ళావిడెవరు?"

"ఉందిలెండి ఒకావిడ, ఆ ఊరి నుంచే చేస్తుంది. ఏడాదికోసారి, సరిగ్గా ఈ రోజుల్లోనే. కాళ్ళలో రక్తం గడ్డ కడుతుందట. పది గంటలకి మించి కూర్చోవద్దని డాక్టరు రాసిచ్చాడట. ఇక్కడికి ఎన్ని గంటలో చెప్పు నాయనా అని అడుగుతుంది. మీ పుస్తకం చూసి చెప్తాను. నిరుడేమో, 'అంతకు ముందేడు పద్నాలుగే కదా, దూరం పెరుగుతోందా బాబూ?' అంది. భూమి ఉబ్బుతోందేమోనమ్మా అన్నాను. పాపం, నవ్వింది."

ఆమె కౌంటరు చెక్క పట్టుకుంది.

"టికెట్లవాళ్ళని అడగచ్చుగా ఆవిడ?"

"అదే నేనూ అన్నాను. 'వాళ్ళు తొమ్మిదే అంటారు నాయనా. అమ్ముకునేవాడు అలాగే అంటాడు. మీ పుస్తకమే నాకు నమ్మకం,' అంది. ఏం నమ్మకమో! పోయినసారి పెట్టేసేముందు, 'పోన్లే, వచ్చే ఏటికి తగ్గుతుందేమో చూద్దాం,' అని పెట్టేసింది. ఇంకా రాలేదు ఈ ఏడు. వస్తుంది ఒకట్రెండు రోజుల్లో."

ఆమె కౌంటరు మీది ఫోను తన వైపు తిప్పుకుంది. కాసేపటికి, "ఈ నాల్రోజులు రెండో పూట నేను చేస్తాను, పొద్దుటిపూట నువ్వు రా," అంది. గుమాస్తా సంతోషించాడు. ఎందుకని అడగలేదు. అయాచితంగా వచ్చిన సుఖానికి కారణాలు వెతికే మనిషి కాదు.

ఇంటికి వెళ్ళి భర్తతో చెప్పింది. చెప్పకుండా ఉండలేని స్థితి. ఆయన కాజాలు కుడుతున్నాడు. అంతా విని, సూది దిండుకు గుచ్చి, తాపీగా అన్నాడు:

"వదినకి ఆ ఫోను నంబరు ఇచ్చింది నేనే."

"మీరా?"

"ఏటా ఒక కార్డు ముక్క రాస్తాను. నువ్వు ఏ పూట ఉంటావో కూడా రాశాను. ఆవిడే అడిగింది. 'దాని గొంతు వింటే మళ్ళీ తిట్టుకుంటాం, అది లేనిపూట చెప్పు మరిదీ,' అని."

"నాకు చెప్పకుండా!"

"చెప్తే ఊరుకుంటావా? ఇంకోటి కూడా రాశాను. నువ్వు ఏటా ఆ పుస్తకం ఎంత శ్రద్ధగా తిరగరాస్తావో, నీ అంకెల్లో నిమిషం కూడా తేడా రాదని. నా పెళ్ళాం గొప్ప నేను చెప్పుకోకపోతే ఎవరు చెప్తారనుకున్నాను." ఆయన చేతిలోని చొక్కా మడత పెట్టి పక్కన పెట్టాడు. "నేనేం కలగన్నానా, నువ్వు ఊరిని సముద్రంలోకి తోశావని?"

ఆమె వాదించడానికి నోరు తెరిచింది. వాదన దొరకలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో అది మొదటిసారి కాబట్టి ఇద్దరికీ కాస్త ఇబ్బందిగా అనిపించింది.

"నంబరు నా దగ్గరుంది," అన్నాడు ఆయన. "ఇప్పుడే చేసి ఎనిమిదీ యాభై అని చెప్పెయ్యి. గొడవ వదిలిపోతుంది."

"ఆవిడే చేస్తుంది. చేస్తుందన్నాడుగా."

"చెయ్యకపోతే?"

"చేస్తుంది."

తనంతట తను ఫోను చేయడమంటే మాటలా? పంతొమ్మిదేళ్ళు నీళ్ళు పోసి పెంచుకున్న పంతం. పెరట్లో అరటిచెట్టు కొట్టేయాలన్నా మనసొప్పదు, ఇక దీని సంగతి చెప్పాలా? పైగా అక్క ఫోను చేస్తే అది విచారణ అవుతుంది, తను జవాబు చెప్పడం ఉద్యోగం అవుతుంది. తను చేస్తే అది వేరే ఏదో అవుతుంది.

బుధవారం మధ్యాహ్నమంతా కూర్చుంది. ఫోను మోగినప్పుడల్లా మొదటి మోత పూర్తికాకుండానే ఎత్తేది. ఒకడు తన మామగారి ఊరికి విమానం ఉందా అని అడిగాడు. లేదంటే "హమ్మయ్య" అన్నాడు. గురువారం ఇద్దరు మొగుడూపెళ్ళాలు ఒకే ఫోనులో పోట్లాడుకుంటూ, ఏ ఊరు దూరమో తేల్చమన్నారు. తేల్చింది. గెలిచిన పెళ్ళాం కృతజ్ఞతలు చెప్పింది. అక్క చేయలేదు. గురువారం సాయంత్రం మెట్లు దిగుతుంటే ఆమెకు మొదటిసారి తోచింది: పద్నాలుగు గంటల ఇరవై విన్నాక, ఈ ఏడు అసలు అడగడమే మానేసిందేమో. నిరుటి అంకె ఎవరికైనా ఆశ చంపేసేంత ఉంది. తనే కదా అలా కొలిచింది, మంచి మైనం దారంతో.

శుక్రవారం పొద్దున భర్తను నంబరు అడిగి తీసుకుంది. ఆయన ఏమీ అనకుండా ఇచ్చాడు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో ఆయన మీసం చూస్తే తెలిసింది.

రెండున్నరకు ఆ చీటీ బల్ల మీద పరుచుకుని, ఫోను మీద చెయ్యి వేసింది. తీసింది. కళ్ళజోడు తుడుచుకుంది. మంచినీళ్ళు తాగింది. మళ్ళీ చెయ్యి వేసింది. అప్పుడే కౌంటరు దగ్గరికి మంగళవారం పెద్దమనిషి వచ్చాడు, శుక్రవారమైనా సరే.

"రేపు మూసేస్తారటగా ఈ పుస్తకం? చివరిసారిగా ఒక దూరం..."

"కాస్త ఆగండి బాబాయ్ గారూ," అంటూ ఆమె మొదటి మూడు అంకెలు నొక్కింది. నాలుగోది కూడా నొక్కింది. ఏదో తప్పు నొక్కినట్టనిపించి పెట్టేసింది. పెట్టేసిందో లేదో, అది మోగింది.

"ప్రయాణ సమాచార కేంద్రం," అంది.

దూరపు ఫోనులో వినిపించే గాలి. ఆ తర్వాత ఒక ముసలిగొంతు:

"బాబు లేడా?"

"లేడు. ఏం కావాలి?"

మళ్ళీ గాలి. పెట్టేస్తుందేమో అనిపించింది.

"ఇక్కడి నుంచి అక్కడికి... ఎన్ని గంటలో చెప్తారా?"

ఆమె రిజిస్టరు తెరవలేదు. "ఎనిమిది గంటల యాభై నిమిషాలు."

"నిరుడు పద్నాలుగూ ఇరవై అన్నారు."

"అది తప్పు."

"పుస్తకం తప్పా?"

"పుస్తకం కాదు. రాసినావిడ తప్పు."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "మా మరిది రాశాడు, ఆవిడ నిమిషం కూడా తప్పదని."

"మీ మరిదికేం తెలుసు? కాజాలు కుట్టుకునే మనిషి." ఆమె ఒకసారి దగ్గి, మూసిన రిజిస్టరును పక్కకి తోసింది. "ఆవిడ కావాలనే రాసింది. ఏటా కొంచెం. నువ్వు... మీరు కార్డు రాయనప్పుడల్లా."

కౌంటరు దగ్గర పెద్దమనిషి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు కానీ, టోపీ తీయవలసిన సందర్భమని తోచింది.

"ఉన్ని చొక్కాకి ఎంత వేశావే?" అంది అక్క.

"అరగంట."

"అరగంటేనా! అది నేను చేత్తో అల్లానే. రెండు నెలలు. కొలత లేక పెద్దది అల్లాను, లోపల ఇంకోటి తొడుక్కుంటావని."

"ఇద్దరు పట్టేలా ఉంది."

"ఒక దాంట్లో ఇద్దరం పట్టే రోజులు కూడా ఉండేవిలే." ఆగింది. "ఎనిమిదీ యాభై. ఖాయంగానా? పది దాటితే నా కాలు ఉండదే. పాత పుస్తకం చూసి చెప్పట్లేదు కదా?"

"యంత్రం కూడా అంతే అంది."

"యంత్రం సంగతి నాకెందుకు? నువ్వు చెప్పు."

"ఖాయం," అంది ఆమె. "రా."

ఫోను పెట్టేశాక పెద్దమనిషి దగ్గి, "ఇంతకీ నా దూరం..." అన్నాడు. ఆమె చెప్పింది. ఆయన "అబ్బో!" అన్నాడు కానీ, అందులో పాత ఊపు లేదు.

శనివారం సంజాయిషీ ఇచ్చింది. ఒకే వాక్యం: 'సదరు ఊరిని కొలిచినప్పుడు నేను దారం సరిగా పట్టుకోలేదు.' మేనేజరు చదివి, చిన్నగా ఉందని సంతోషించి, ఇకమీదట దూరాలు యంత్రమే చూస్తుందని, ఆమె ఫోను ఎత్తి యంత్రం చెప్పింది చదివితే చాలని ఆజ్ఞ రాశాడు. గోడ మీది చట్రాలు దించేశారు. వాటి చోట నాలుగు తెల్లటి చదరాలు మిగిలాయి. ఆ తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి వాటి ఎదురుగానే కూర్చుని, గోడ చాలా శుభ్రంగా ఉందని రాసి వెళ్ళాడు.

నెల తిరక్కుండానే అక్క వచ్చింది. ఆ రోజు ఆమె టికెట్టు కాపీని మూడుసార్లు, ఈ ఏటి సమయాల పట్టికను రెండుసార్లు చూసి, అయినా నమ్మకం చాలక గుమాస్తా చేత ఫోను చేయించి, విమానం దిగే వేళకు రెండు గంటలు ముందే భర్తను లాక్కుని విమానాశ్రయానికి వెళ్ళింది. విమానం ఆలస్యం. ఆమెకు చెమటలు పట్టాయి. భర్త పొట్లం కట్టి తెచ్చిన పల్లీలు ఒక్కటొక్కటిగా తింటూ, "నువ్వు కొలిచిన ఊరే కదా, భయమెందుకు?" అన్నాడు. ఆమె ఆయన వైపు చూసిన చూపుకు పల్లీ గొంతుకు అడ్డంపడింది.

అక్క చేతికర్రతో, నెమ్మదిగా, అందరూ వచ్చేశాక వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. మోకాళ్ళ దాకా బిగుతు మేజోళ్ళు. కర్ర చంకలో ఇరికించుకుని, ముందు చేతి గడియారం చూసుకుంది. తర్వాత చెల్లెల్ని చూసింది.

"తొమ్మిదీ ముప్పై రెండు," అంది.

"ఏంటి?"

"ఎనిమిదీ యాభై అన్నావు. తొమ్మిది గంటల ముప్పై రెండు నిమిషాలు పట్టింది. రెక్క కదిలిన దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను."

"దిగేముందు పైన చుట్లు తిప్పి ఉంటాడు. అది ఆలస్యం, దూరం కాదు. నేను చెప్పేది దూరానికి."

"తిప్పితే తిప్పాడు. కూర్చున్నది నా కాలే కదే?"

"పది దాటలేదుగా!"

"దాటితే ఎవర్ని అడగాలో తెలుసులే," అంది అక్క. ఇంకా ఏదో అనబోయి, కర్ర కిందపడితే, దాన్ని తీయడానికి ఇద్దరూ ఒకేసారి వంగారు. ఇద్దరి నడుములూ ఒకేసారి పట్టేశాయి. అలాగే ఒకరి భుజం ఒకరు పట్టుకుని కాసేపు వంగే ఉండిపోయారు. దూరం నుంచి చూసినవాళ్ళు కౌగిలించుకున్నారనే అనుకుని ఉంటారు. దర్జీ పెట్టెలు ఎత్తుకుంటూ అటు చూడలేదు.

బయటికి వస్తుంటే అక్క ఒక బెంచీ దగ్గర ఆగింది.

"అదేనా?"

"అది కాదు. అవి తీసేసి కొత్తవి వేశారు."

"అది ఇంకా గట్టిగా ఉండేది," అంది అక్క, కాస్త గర్వంగా.

కారులో అక్కను ముందు సీట్లో, కాలు చాపుకోవడానికి వీలుగా కూర్చోబెట్టారు. రోడ్డు నిండా బళ్ళు. ఒక్కటీ కదలడం లేదు. అక్క మోకాలు ఒత్తుకుంటూ వెనక్కి తిరిగింది.

"ఇంటికెంతసేపే?"

ఆమె నోరు అలవాటుగా తెరుచుకుంది. విమానాశ్రయం నుంచి ఇల్లు ఇరవై రెండు కిలోమీటర్లు. ముప్పై ఐదు నిమిషాలు. నాలుక చివర సిద్ధంగా ఉంది. కిటికీలోంచి ముందున్న బళ్ళ వరస చూసింది. అక్క కాలు చూసింది.

"నాకు తెలీదక్కా," అంది.

కారు నడిపేవాడి వెనక కూర్చున్న దర్జీ ఉలిక్కిపడి ముందుకు వంగాడు. "వదినా, విన్నారా? మా ఆవిడ తెలీదంది! తేదీ రాసిపెట్టుకోండి."

"మీరే రాసిపెట్టండి మరిదిగారూ," అంది అక్క. "దాని చేతికి మాత్రం పుస్తకం ఇవ్వకండి."